రానక్కర్లేదని చెప్పడానికి రమ్మన్నారు

ఇక మీదట బ్రాంచీల వాళ్ళెవరూ హైదరాబాదు రానక్కర్లేదు, ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చునే హెడ్డాఫీసు పని చేసుకోవచ్చు అని మా హెడ్డాఫీసు కబురు పెట్టింది. ఆ సదుపాయం అందుకోవడానికి మాత్రం ప్రతి బ్రాంచి అకౌంటెంటూ స్వయంగా హైదరాబాదు రావాలట. వచ్చేటప్పుడు రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు తేవాలట. ఫొటోలెందుకని నేను అడగలేదు. మా కంపెనీలో ఫొటో అంటించకుండా సుద్దముక్కల పెట్టె కూడా గోడౌను దాటదు.

మాది నోటు పుస్తకాలు, పరీక్ష అట్టలు, సుద్దముక్కలు టోకున అమ్మే వ్యాపారం. యజమాని కిషన్‌రావు గారిది పాత హైదరాబాదు కుటుంబం. తాతగారు అబిడ్స్‌లో కాగితాల కొట్టు పెట్టారు, తండ్రిగారు గన్‌ఫౌండ్రీలో బ్యాంకుల వెనక సందులో మేడ కట్టి హెడ్డాఫీసు అక్కడికి మార్చారు, ఈయన ఊరూరా బ్రాంచీలు తెరిచారు. మేడ మారినా పాత అలవాటు కొద్దీ హెడ్డాఫీసును అందరం అబిడ్స్ అనే అంటాం. బాపట్ల బ్రాంచిలో అకౌంటెంటుని నేను. ప్రతి నెలా స్టాకు లెక్కలు సంచిలో పెట్టుకుని రైలెక్కడం, గన్‌ఫౌండ్రీ మేడెక్కడం, హెడ్ క్లర్కు యాదగిరి గారి ముందు చేతులు కట్టుకుని నిలబడి లెక్క ఒప్పజెప్పడం నా ఉద్యోగంలో భాగం.

ఈ మధ్య కిషన్‌రావు గారికి ఈ రాకపోకల మీద విసుగు పుట్టింది. అకౌంటెంట్లందరినీ అబిడ్స్‌కు బదిలీ చేసి ఒకే హాల్లో కూర్చోబెడితే పీడా పోతుందన్నారు. ఇంతలో ఏ పెళ్ళి భోజనాల్లోనో ఎవరో ఆయన చెవిన విపిఎన్ అనే మాట వేశారు. దాంతో ఒక షరతు పెట్టారు. ఒకటో తారీఖు నాటికి ఏ బ్రాంచి తన ఊరి నుంచి హెడ్డాఫీసు కంప్యూటరుతో కలుస్తుందో, ఆ బ్రాంచి అకౌంటెంటు తన ఊళ్ళోనే ఉంటాడు. కలవనివాడు పెట్టె సర్దుకుని అబిడ్స్ రావాలి.

అబిడ్స్ అంటే నాకేమీ భయం లేదు. నా భయమంతా సుగుణ గురించి. సుగుణ నా భార్య, బాపట్లలో మిషన్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు తనొక ఊళ్ళో, నేనొక ఊళ్ళో ఆదివారాల సంసారం చేశాం. అర్జీలు పెట్టీ పెట్టీ, కనపడ్డ అయ్యగారినల్లా బతిమాలీ చివరికి ఒకే కప్పు కిందికి చేరాం. తనకు హైదరాబాదు బదిలీ అనేది లేదు, ఎందుకంటే ఆ ఆసుపత్రికి వేరే ఊళ్ళో కొమ్మలు లేవు. నేను బయల్దేరేటప్పుడు సంచిలో పులిహోర పొట్లం పెడుతూ ఒక్కటే మాట చెప్పింది.

"అదేదో తీసుకునే రండి. ఉత్త చేతుల్తో మాత్రం రావొద్దు."

నాంపల్లి: వేడినీళ్ళూ, చల్లని స్వాగతమూ

నాంపల్లి స్టేషన్లో దిగినవాడికి ముందు కనపడేది హైదరాబాదు కాదు, లాడ్జీల బ్రోకర్లు. మన సంచి మనకంటే ముందే గది చేరిపోతుంది. నుమాయిష్ ఎగ్జిబిషన్ రోజులు కావడంతో మామూలు రోజుల్లో రెండు వందలకిచ్చే గదికి మూడు వందలన్నారు. వేడినీళ్ళు ఉన్నాయా అని అడిగాను.

"ఉండె సార్. గిప్పుడే అయిపోయినయ్," అన్నాడు కౌంటర్లో మనిషి, ఎంతో బాధపడుతూ. మర్నాడూ అదే బాధతో అదే మాట చెప్పాడు. అక్కడున్న నాలుగు రోజులూ వేడినీళ్ళు నాకంటే ఒక్క అడుగు ముందే వెళ్ళిపోయాయి.

లాడ్జి కింద ఇరానీ హోటల్లో చాయ్ నాలుగు రూపాయలు. మా బాపట్లలో ఆ డబ్బుకి గ్లాసు నిండా పోసి, పైన నురగ కూడా పోస్తారు. ఇక్కడ చిన్న కప్పులో పోసి, సాసర్లో ఒలకబోసి ఇస్తారు. అయితే తాగాక మాత్రం మా ఊరి టీని వెనకేసుకు రావడం కష్టమైంది. దానితో ఉస్మానియా బిస్కట్లు తిన్నాను. అవి తియ్యగా ఉన్నాయో ఉప్పగా ఉన్నాయో తేల్చుకోవడానికి ఇంకో రెండు తినాల్సి వచ్చింది.

అక్కణ్నుంచి గన్‌ఫౌండ్రీ నడిచిపోయే దూరమే. కొత్త చొక్కా నలిగిపోతుందని ఆటో ఎక్కాను. ఆటో బషీర్‌బాగ్ అంతా చూపించింది. ఇంత దూరం లేదే అని అడిగితే, "వన్‌వే సార్, నేను పెట్టిన్నా? సర్కారోళ్ళు పెట్టిన్రు," అన్నాడు. సర్కారు మీద కోపం తెచ్చుకుని అతనికి ముప్పై రూపాయలిచ్చాను.

గన్‌ఫౌండ్రీ: కొబ్బరికాయ కొట్టిన సొరంగం

మేడ మీద హాల్లో బల్లలు వరసగా వేసి, ప్రతి బల్ల మీదా ఒక కంప్యూటరు పెట్టారు. బ్రాంచీల అకౌంటెంట్లందరూ స్నానాలు చేసి, సెంటు కొట్టుకుని, పెళ్ళిచూపులకొచ్చినట్టు కూర్చున్నారు. నేర్పడానికొచ్చిన కుర్ర ఇంజనీరు పేరు విక్టర్, సికింద్రాబాదు వాడు. నాది బాపట్ల అనగానే ముఖం వెలిగింది.

"వందనాలు బ్రదర్! మా అమ్మమ్మ గాడ మిషన్ స్కూల్లనే చదివింది," అన్నాడు. నాకు కొండంత ధైర్యం వచ్చింది.

విక్టర్ విపిఎన్ గురించి చెప్పాడు. "ఇంటర్నెట్ అంటే బజారు రోడ్డనుకోన్రి. ఎవలన్న పోతరు, ఎవలన్న చూస్తరు. మన లెక్కలు గా రోడ్డు మీద సంచిల పట్టుకపోతే దొంగలు చూస్తరు గదా. గందుకే గా రోడ్డు లోపట్నే మన ఒక్కరికే సొరంగం తవ్వుకుంటం. గదే వీపీఎన్. లోపట ఏం పోతుందో బయటోనికి కనపడది."

సొరంగం అన్న మాట వినగానే యాదగిరి గారు కుర్చీలో ముందుకు జరిగారు. ఆయన తెల్ల లుంగీ లాంటి ప్యాంటు వేసుకునే పెద్దమనిషి. ముగ్గురు యజమానుల కింద పనిచేసినా ఎవరికీ ఒక్క తాళంచెవి కూడా ఇవ్వలేదని పేరు.

"చార్మినార్ కెల్లి గోల్కొండ దాకా గిట్లాంటిదే ఉందంటరు. మా తాత చెప్పిండు," అన్నారు.

"ఎవరైనా వెళ్ళారాండీ అందులోంచి?" అని అడిగాను.

"పోయినోడు వాపస్ వస్తే గదా మనకు చెప్పేది?"

ఈ శుభవచనంతో శిక్షణ మొదలైంది. సొరంగంలోకి పోవాలంటే రెండు తాళాలు తియ్యాలట. ఒకటి రహస్య పదం. మరిచిపోతే పక్కవాణ్ని అడగొచ్చని యాదగిరి గారు అన్ని బ్రాంచీలకూ ఒకటే రహస్య పదం పెట్టించి, దాన్ని మా కంపెనీ సుద్దముక్కతోనే నల్లబల్ల మీద రాయించారు. చాయ్ తెచ్చినవాళ్ళూ, ఫ్యాన్లు బాగుచెయ్యడానికొచ్చినవాళ్ళూ దాన్ని చదువుకుని వెళ్ళారు.

రెండో తాళం టోకెన్. తాళంచెవుల గుత్తికి తగిలించుకునే బిళ్ళంత ఉంటుంది. దాని మీద అంకెలు కనపడతాయి, నిమిషం కాగానే అవి మారిపోతాయి. అప్పుడు కనపడుతున్న అంకెలు కొడితేనే సొరంగం తలుపు తెరుచుకుంటుంది. ఒక్కొక్కరికీ ఒక్కో టోకెన్ ఇచ్చారు. అందరం అంకెలు కొట్టాం. అన్ని తెరల మీదా చిన్న తాళం బొమ్మ వచ్చి, కలిసింది అని చూపించింది. హాలంతా చప్పట్లు. కిషన్‌రావు గారు కిందికి దిగొచ్చి, పక్క గదిలో ఉన్న పెద్ద కంప్యూటరుకు దండ వేసి, కొబ్బరికాయ కొట్టారు. అగరొత్తుల పొగ దాని ముక్కులోకి పోతుందని విక్టర్ గిలగిల్లాడాడు. దూధ్ పేడాలు పంచారు.

పేడా సగం తిన్నాక నాకొక అనుమానం వచ్చింది. హెడ్డాఫీసు కంప్యూటరు పక్క గదిలో ఉంది. మేమున్నది ఈ గదిలో. ఈ గది నుంచి ఆ గదికి కలవడానికి సొరంగం దేనికి? తలుపు తీస్తే సరిపోతుంది కదా. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా విపిఎన్ ఇంట గెలిచింది, కొబ్బరికాయ కూడా కొట్టించుకుంది. రచ్చ సంగతి ఎవరూ తలపెట్టలేదు.

విక్టర్‌ను పక్కకు పిలిచి, "బయటి నుంచి కలిపి చూశారా బాబూ?" అన్నాను.

"అయితదన్నా, పుస్తకం ప్రకారం అయితే అయితది." గొంతు తగ్గించాడు. "చూసేటందుకు టైమ్ ఇయ్యలే మాకు. ముహూర్తం ఇయ్యాల్నే ఉందన్నరు."

యాదగిరి గారి దగ్గరికి వెళ్ళి అదే అనుమానం బయటపెట్టాను. ఆయన నోట్లో పేడా ఉంది. "దావత్ అయినంక పెళ్ళిపిల్ల ఉందా అని అడుగుతరా ఏంది సుందర్రావ్ సాబ్?" అన్నారు. తర్వాత అందరి టోకెన్లూ వెనక్కి తీసుకుని, దారాలతో ఊరి పేర్ల చీటీలు కట్టి, ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసేశారు.

"అదేమిటండీ, టోకెన్ మాతో ఉండొద్దా?"

"తాళంచెవులు హెడ్డాఫీస్ల ఉంటయ్. తాతల కెల్లి గదే రివాజు. పొద్దుగాల ఫోన్ చెయ్యున్రి, నేను పెట్టె తీసి నంబర్ చెప్త."

"అవి నిమిషానికోసారి మారతాయండీ."

"నిమిషమంటే తక్కువ టైమా? నిమిషంల నేను పది నంబర్లు చెప్త. ఫికర్ చెయ్యకున్రి."

మిగతా అకౌంటెంట్లకు ఫికర్ లేదు. పేడాలు రుమాళ్ళలో కట్టుకుని సాయంత్రం బళ్ళకే వెళ్ళిపోయారు. నేనొక్కణ్నే ఉండిపోయాను. నాలుగు మెతుకులు లోపలికి పోలేదంటే నమ్మండి. ఈ లెక్కన ఒకటో తారీఖున బాపట్లలో నా కంప్యూటరు కలవదు, నేను పెట్టె సర్దుకోవాలి, సుగుణ మళ్ళీ ఆదివారాలు లెక్కపెట్టుకోవాలి.

అబిడ్స్: ఫుట్‌పాత్ మీద విశ్వవిద్యాలయం

మర్నాడు ఆదివారం. అబిడ్స్ దగ్గర్లో తెలుగు ఆరాధన జరిగే చర్చికి వెళ్ళాను. మా ఊళ్ళో ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చుంటాం. ఇక్కడ అందరికీ కుర్చీలు, పైన ఫ్యాన్లు, మధ్యలో సెల్‌ఫోన్లు. ఇన్‌కమింగ్ ఉచితం చేశాక దేవుడి మాట మధ్యలో మనుషుల మాటలు ఎక్కువయ్యాయి. నేను మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుని బాపట్ల బ్రాంచి కోసం ప్రార్థన చేశాను. మధ్యలో యాదగిరి గారి మనసు మెత్తబడాలని కూడా అడిగాను, అది కాస్త పెద్ద కోరికే.

బయటికొస్తే అబిడ్స్ దుకాణాలన్నీ షట్టర్లు దించుకుని ఉన్నాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు. ఆదివారం వచ్చిందంటే హైదరాబాదు చదువంతా ఇక్కడే నేల మీద పరుచుకుంటుంది. ఇక్కడ బేరానికొక పద్ధతి ఉంది. పుస్తకం పేరు చూసి మీ కళ్ళు మెరిస్తే ఒక రేటు, విసుగ్గా పేజీలు తిప్పితే ఇంకో రేటు. నెట్‌వర్కుల గురించి లావుపాటి పుస్తకం కనపడగానే నా కళ్ళు మెరిశాయి. నూట యాభై అన్నాడు. నేను దాని పక్కనున్న వంటల పుస్తకం తీసి, ఊరగాయల పేజీ చదవడం మొదలుపెట్టాను. ఊరగాయలో ఆవపిండి దగ్గరికొచ్చేసరికి అది డెబ్బైకి దిగింది.

ఆ పుస్తకం మొదటి యజమాని రెండో అధ్యాయం దాకా ఎర్రగీతలు గీసి, తర్వాత జీవితంలో ఇంకేదో చేసుకోవడానికి వెళ్ళిపోయాడు. అతనంటే నాకు గౌరవం కలిగింది. నేను పబ్లిక్ గార్డెన్స్‌లో చెట్టు కింద కూర్చుని, పులిహోర పొట్లం తింటూ, విపిఎన్ అధ్యాయం చదివాను. అర్థం కానివి ఇంకోసారి చదివాను, అప్పటికీ కానివి దేవుడికి వదిలేశాను. ఒక్క ముక్క మాత్రం పట్టుకుంది. ఆఫీసు కంప్యూటరుకి లోపలివాళ్ళు పిలిచే నంబరొకటి, బయటి ప్రపంచానికి తెలిసే నంబరొకటి ఉంటాయట. విక్టర్ మాకు రాయించిన నంబరు లోపలిది. దానితో బాపట్ల నుంచి పిలవడమంటే, బాపట్ల వీధిలో నిలబడి "పక్కింటి అత్తయ్యా!" అని గన్‌ఫౌండ్రీలో ఆవిడను కేకెయ్యడం. నా చుట్టూ జనం పల్లీలు తింటున్నారు. ఇంత పెద్ద సంగతి కనిపెట్టినా చెప్పుకోవడానికి ఎవరూ లేకపోయారు.

నాంపల్లి మళ్ళీ: ఖాజా గారి దుకాణం

సోమవారం పొద్దున్నే విక్టర్‌కు ఫోను చేసి నంబరు సంగతి చెప్పాను. "ఔనన్నా. మంచిగ యాది చేసిన్రు. సాబ్‌కు చెప్పకున్రి జర," అన్నాడు. బయటి నంబరు చెప్పాడు. దాన్ని బయటి నుంచే పరీక్షించాలి కాబట్టి, స్టేషన్ దగ్గర సందులో ఒక నెట్ సెంటర్‌కి వెళ్ళాను. గంటకు ఇరవై రూపాయలు. బాపట్లలో పదిహేనే, కానీ అక్కడ గంటలో సగం కరెంటు ఉండదు.

దుకాణం యజమాని ఖాజా గారు. గోరింటాకు పెట్టిన గడ్డం, ముక్కు చివర కళ్ళద్దాలు. చెక్క గదులు, గదికో తెర. విక్టరిచ్చిన సీడీ చూపించి, విపిఎన్ పెట్టుకోవచ్చా అన్నాను. ఆయనకు నేను చెప్పాల్సిన పనేమీ లేకపోయింది.

"అరె, గదెందుకు ఎర్క లేదు? దుబాయ్‌ల సర్కార్ నెట్ ఫోన్ బంద్ పెట్టింది. గాడ ఉన్నోళ్ళు గదే పెట్టుకుని ఇంటోళ్ళతోని మాట్లాడ్తరు. మీరు ఎవరితోని మాట్లాడాలె?"

"సుద్దముక్కల స్టాకుతోనండీ," అన్నాను.

ఆయన కళ్ళద్దాల పైనుంచి ఒకసారి చూసి, మూడో గది చూపించారు.

పక్క గదిలో ఒక బుర్ఖా ఆవిడ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని మాట్లాడుతోంది. తెర సగమే వేసి ఉంది. భర్త దుబాయ్‌లో తాపీ పని చేస్తాడట, ఖాజా గారు చెప్పారు. సోమవారం, గురువారం వస్తుందట. ఆవిడ మాటల్లో పెద్ద విషయాలేమీ లేవు. పప్పులో ఉప్పెక్కువైందనీ, గోడకు పెచ్చులూడుతున్నాయనీ చెబుతోంది. మధ్యలో లైను పోయింది. ఆవిడ హెడ్‌ఫోన్ తియ్యకుండా, కంప్యూటరు వంక చూస్తూ, చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. నేను చూస్తున్నానని గమనించి నవ్వింది.

"వస్తది భాయ్. గాడ ఆయన మల్ల కలుపుతున్నడు. జర ఆగాలె, గంతే," అంది.

ఎవరినైతే చూడకుండా ఉండలేమో వాళ్ళతో ఉప్పు గురించి మాట్లాడుకోవడానికి గంటకు ఇరవై రూపాయలిచ్చి ఎదురుచూడటం ఎంత కష్టమో నాకు తెలుసు. ఒకప్పుడు సుగుణా నేనూ టెలిఫోను బూతుల్లో మీటరు వంక చూసుకుంటూ మాట్లాడుకున్నవాళ్ళమే. మళ్ళీ ఆ బతుకు వద్దు దేవుడా అనుకుని, కంప్యూటరు ముందు కూర్చుని యాదగిరి గారికి ఫోను కొట్టాను.

"ఔ, చెప్పున్రి."

"టోకెన్ నంబరు కావాలండీ. బాపట్లది."

"ఉండున్రి, పెట్టె తీస్తున్న." తాళంచెవుల గలగల. ఇనప్పెట్టె మూలుగు. "అద్దాలు ఏడ పెట్టిన... ఆఁ. ఇగో. నాలుగు... ఏడు... ఒకటి... అరె, మారింది!"

"మారినవే చెప్పండి."

"రెండు, రెండు, తొమ్మిది, ఇది ఆరా ఎనిమిదా... మల్ల మారింది! గిదేం పరేషానీ?"

మూడోసారి నిమిషం లోపలే చెప్పేశారు. ఆనందంగా కొట్టాను. తప్పు అంది. తీరా చూస్తే ఆయన చదివింది ఆదోని చీటీ. ఒక్కసారి తప్పు కొట్టినా సొరంగం మూతపడుతుందని అప్పుడే తెలిసింది. విక్టర్‌ను బతిమాలి మళ్ళీ తెరిపించి, మళ్ళీ యాదగిరి గారికి ఫోను చేశాను. ఈసారి పలుకులో అలసట వినపడింది.

"నాతోని గాదు సుందర్రావ్ సాబ్. నా తల తిరుగుతున్నది. మీరే వచ్చి పట్టుకపోన్రి. సాయంత్రం వాపస్ ఇయ్యాలె మరి."

ఈసారి ఆటో ఎక్కలేదు. చొక్కా నలిగినా ఫరవాలేదనుకుని, గన్‌ఫౌండ్రీకి నడిచి వెళ్ళి, టోకెన్ పిడికిట్లో పట్టుకుని నడిచి వచ్చాను. బయటి నంబరు పెట్టి, నల్లబల్ల మీది రహస్య పదం కొట్టి, టోకెన్ మీద అంకెలు కొట్టాను. తెర కాసేపు ఆలోచించింది. చిన్న తాళం బొమ్మ వచ్చింది. హెడ్డాఫీసు జాబితా తెరుచుకుంది, అందులో బాపట్ల బ్రాంచి, దాని కింద నేను చేత్తో లెక్కపెట్టిన సుద్దముక్కల పెట్టెలు. పక్క గదిలో ఆవిడ లైను కూడా కలిసింది కాబోలు, కిలకిలా నవ్వుతోంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సుద్దముక్కలను చూసి ఏడ్చినవాణ్ని నాంపల్లిలో నేనే మొదటివాణ్నయి ఉంటాను.

"అయిందా? ముబారక్! చాయ్ తాగున్రి," అన్నారు ఖాజా గారు. ఆ చాయ్‌కి డబ్బులు తీసుకోలేదు.

ఇనప్పెట్టె ముందు

మిగిలింది టోకెన్‌ను ఊరికి తీసుకెళ్ళడం. అది సాంకేతిక సమస్య కాదు, తాతల నాటి సమస్య. కిషన్‌రావు గారి గదిలో మర్నాడు పంచాయితీ జరిగింది.

"తాళంచెవి ఊర్లు తిరిగితే ఇల్లు ఎవరిది సుందర్రావ్?" అన్నారాయన. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగారు.

"ఇల్లు మీదేనండీ. కానీ తాళం బాపట్లలో ఉంది, చెవి అబిడ్స్‌లో ఉంది. యాదగిరి గారు ఫోనులో చెవి తిప్పితే తలుపు తెరుచుకోవడం లేదు."

యాదగిరి గారు నిజాయితీపరుడు. "ఔ సాబ్. అది ఉరుకుతున్నది. నా కంటికి అందుతలేదు," అని ఒప్పుకున్నారు.

కిషన్‌రావు గారు చాలాసేపు ఆలోచించి, రివాజు చెడకుండా ఒక దారి కనిపెట్టారు. నేను తెచ్చిన ఫొటోలు అడిగారు. ఒకటి టోకెన్ చీటీకి అంటించి, టోకెన్ నా చేతికిచ్చారు. రెండోది ఇనప్పెట్టెలో, టోకెన్ ఉండాల్సిన చోట పెట్టించారు. వస్తువు బయటికి పోతే దాని బదులు మనిషి లోపల ఉండాలని వాళ్ళ తాతగారు అనేవారట. యాదగిరి గారు పెట్టె మూస్తుంటే చీకట్లో నా ముఖం నన్నే చూస్తూ కనపడింది. ఆ క్షణంలో నాకు నవ్వొచ్చిందే తప్ప ఇంకేమీ తోచలేదు.

సాయంత్రం నుమాయిష్‌లో సుగుణకు కాశ్మీరు శాలువా కొన్నాను. బాపట్లలో ఆ శాలువా కప్పుకునే చలి ఎప్పుడూ పడదు. అమ్మినతనికి ఆ సంగతి చెబితే, "ఫ్యాన్ స్పీడు పెంచుకోన్రి," అన్నాడు. రెండు డబ్బాల ఉస్మానియా బిస్కట్లు కూడా కొని రైలెక్కాను.

బాపట్ల

గుమ్మంలోనే సుగుణ చేతిలో టోకెన్ పెట్టాను. వెలుతురుకి పట్టుకుని చూసింది. అంకెలు మారడం చూసి, "నాడి చూసినట్టుంది," అంది. దాన్ని ప్రభువు పటం పక్కన మేకుకు తగిలించింది. శాలువాను మాత్రం మడత విప్పకుండానే పెట్టె అడుగున దాచింది. అన్నం తింటూ ఖాజా గారి దుకాణం సంగతీ, దుబాయ్ భర్తతో మాట్లాడే ఆవిడ సంగతీ చెప్పాను.

మర్నాడు మా బ్రాంచి నుంచి మొదటి ప్రయత్నంలోనే కలిసింది. కిషన్‌రావు గారు ఫోనులో, "శభాష్ సుందర్రావ్! నువ్వొక్కనివే పాసయినవ్," అన్నారు. నేను ఆ రోజంతా నేల మీద నడవలేదు. ఆదోని కలవలేదు, కడప కలవలేదు, ఒక్క బ్రాంచీ కలవలేదు. వాళ్ళ నంబర్లు లోపలివి, వాళ్ళ టోకెన్లు ఇనప్పెట్టెలో. పాపం యాదగిరి గారు పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా పెట్టె ముందు కూర్చుని, ఊళ్ళన్నిటికీ పాత అంకెలు చదువుతున్నారట.

ఒకటో తారీఖు రానే వచ్చింది. ఆ పొద్దున సొరంగంలోంచి నాకొక ఉత్తరువు వచ్చింది. పోస్టులో రాలేదు, ఫోనులో రాలేదు, నేను చెమటోడ్చి తవ్విన దారిలోంచే వచ్చింది. కంపెనీ మొత్తంలో విపిఎన్ తెలిసిన ఉద్యోగి మీరొక్కరే కాబట్టి, మిగతా బ్రాంచీలన్నిటినీ కలపడానికీ, యాదగిరి గారి వద్ద టోకెన్లు చదవడానికీ మిమ్మల్ని అబిడ్స్ హెడ్డాఫీసుకు బదిలీ చేయడమైనది.

కోరి కొరివితో తల గోక్కున్నానని అర్థమైంది. అయినా ఆశ చావక, అదే సొరంగంలోంచి జవాబు రాశాను. అయ్యా, ఆ పనంతా బాపట్ల నుంచే చెయ్యగలను, ఎవరూ ఎక్కడికీ రానక్కర్లేకుండా పని జరగడం కోసమే కదా తమరు దీన్ని పెట్టించింది అన్నాను.

భోజనాల వేళకు జవాబొచ్చింది. మీరు చెప్పింది ఆలోచించదగ్గ విషయమే. స్వయంగా వచ్చి మాట్లాడండి. వచ్చేటప్పుడు రెండు ఫొటోలు తెచ్చుకోండి.

సుగుణ డ్యూటీ నుంచి వచ్చాక, ఆ రెండిటినీ అచ్చు తీసిన కాగితాలు చేతికిచ్చాను. నిలబడే చదివింది. "దున్నే ఎద్దునే పొడుస్తారు," అంది. నేను కిషన్‌రావు గారిని తిట్టాను, యాదగిరి గారిని తిట్టాను, ఆ ఇనప్పెట్టె చేసినవాణ్ని కూడా తిట్టాను. తను నా సంచి తెచ్చి మంచం మీద పెట్టింది, చొక్కాలు మడత పెట్టింది, హైదరాబాదులో పొద్దుటిపూట చలిగా ఉంటుందని శాలువా కూడా పెట్టింది. తర్వాత నా వంక చూడకుండా అడిగింది.

"ఆ నాంపల్లి దుకాణంలో గంటకు ఎంతన్నారు?"